ఆకుపచ్చ దీపాల మూడో మెట్టు

మూత 40వ రోజు

ఈ రోజు ఒక అబద్ధం మీద సంతకం పెట్టాను. ఆఫీసు పుస్తకంలో అది ఒక్క వాక్యం: ‘మూడు పూసల్లో యంత్రదోషం, తర్వాత పరిశీలించాలి.’ చేతిరాత మాత్రం ముత్యాల్లా వచ్చింది. ఆ పుస్తకంలో రాయలేనివి రాసుకోవడానికి ఈ రెండో పుస్తకం మొదలుపెట్టాను. ఇది నా పెట్టె అడుగున, చీరల కింద ఉంటుంది.

జరిగింది ఇది. పొద్దున లేవగానే నా మొదటి పని గదిలో యంత్రం తెర ముందు కూర్చోవడం. పిల్లల మొలతాళ్లకు కట్టిన పూసలు ఒంటి వేడి ఎంతో, నాడి ఎంతో, ఊపిరి ఎంతో గంటగంటకూ పంపుతాయి. ఈ గని లోపల మా మూడో మెట్టు మీద ముప్పై ఎనిమిది ఇళ్లు, అరవై ఒక్క మంది పిల్లలు. ఈ రోజు చూస్తే ముగ్గురి నాడి ఒక్కలాగే ఉంది. ఆరు గంటలకు ముగ్గురికీ ఎనభై నాలుగు. ఏడు గంటలకు, ఎవరో పరిగెత్తినట్టు, ముగ్గురికీ నూట పన్నెండు. మళ్లీ ముగ్గురికీ ఒకేసారి తగ్గింది.

ఒకరు హుసేనమ్మ మనవరాలు దస్తగిరమ్మ, తొమ్మిదేళ్ల పిల్ల. రెండోది మద్దక్క కూతురు సుంకి, ఏడేళ్లు. మూడో పూస కుళ్లాయమ్మ కొడుకుది. వాడికి పది నెలలు. నాడి నూరు దాటాల్సిన పది నెలల పసివాడికి ఎనభై నాలుగు ఉంటుందా? నర్సు పని నేర్చుకోవడానికి నిన్నగాక మొన్న చేరిన పిల్ల అయినా నవ్వుతుంది. నాకు ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం. నేను నవ్వలేదు. యంత్రదోషం అని రాశాను.

ఎందుకు రాశానో కూడా రాయాలి కదా. గని నోటికి మూత వేసి నలభై రోజులు; అది తీసేదాకా పైనుంచి ఎవరూ రారు, ఇక్కడి నుంచి ఎవరూ పోరు. ఈ నలభై రోజుల్లో మా మెట్టు మీద ఒక్క ఎర్రదీపం వెలగలేదు. వరసగా అరవై రోజులు ఇలాగే ఉంటే నా దీపాల పద్ధతిని పన్నెండు గనుల్లోనూ పెడతామని డాక్టర్ నీరజాక్షి మాటిచ్చారు. ఇంకా ఇరవై రోజులు. ఆ మాట చెప్పిన రోజు నుంచి నేను కాస్త ఎత్తుగా నడుస్తున్నాను. నాకే తెలుస్తోంది.

మూత 42వ రోజు

మధ్యాహ్నం గుడ్డ తీసుకుని దీపాలు తుడిచాను. వారానికి రెండుసార్లు తుడవకపోతే రాతిదుమ్ము పట్టి ఆకుపచ్చ కాస్తా పాచిరంగులోకి తిరుగుతుంది.

ఈ దీపాలు ఇదివరకు నా గదిలో, నా తెర పక్కన ఉండేవి. ఇంటికి ఒకటి చొప్పున గడపల మీదికి మార్పించింది నేనే. పూస జ్వరం చూపిస్తే ఆ ఇంటి దీపం ఎర్రబడుతుంది, వీధంతా చూస్తుంది. ఎర్రదీపం ఇంటివాళ్లను సంగటి పొయ్యి వంతు నుంచి తీసేయాలన్న నియమం కూడా నాదే. వంట అందరిదీ ఒకే పొయ్యి మీద కాబట్టి అది న్యాయమే అనుకున్నాను. నలుగురిలో సిగ్గుపడితే చేతులు కడుక్కుంటారు, నీళ్లు కాచుకుంటారు, పిల్లల్ని శుభ్రంగా పెట్టుకుంటారని నా లెక్క. నిజంగానే దీపాలన్నీ పచ్చబడ్డాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మద్దక్క గడప దగ్గర దీపం తుడుస్తుంటే ఆమె వాకిలి గుడ్డతెర బయటికి వచ్చి నిలబడింది. మద్దక్క నీళ్ల వడపోత దగ్గర పనిచేస్తుంది. భర్త పై గాలిమరల దగ్గర పనికి పోయి మూత అవతలే ఉండిపోయాడు, మూత తీసేదాకా రాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ఈ రోజు రెండు చేతులతో తెరను పట్టుకుని నిలబడింది.

“సుంకి యాడ మద్దక్కా? బడిలో గూడా కనపళ్లేదే.”

“వాళ్లవ్వ కాడికి పోయింది నర్సమ్మా, రెండో మెట్టుకి. ఆడుకుంటాంది.”

“బాగుండాదా?”

“బాగుండాది నర్సమ్మా. దీపం పచ్చగుండాది గదా.”

తెర నేలదాకా రాదు. కింద జానెడు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోంచి చాప మీద రెండు చిన్న పాదాలు కనిపించాయి. మడమలు దగ్గరగా పెట్టుకుని, కదలకుండా. అవతల ఉన్న పిల్ల ఊపిరి బిగబట్టిందేమో కూడా. తెర పక్కకు జరపడానికి ఎంతసేపు పడుతుంది? నేను దీపాన్ని ఇంకోసారి తుడిచి పక్కింటికి వెళ్లాను.

రెండో మెట్టు అవ్వ దగ్గరికి వెళ్లి నేను కబురు అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది.

మూత 45వ రోజు

తీగ మీద డాక్టర్ నీరజాక్షి మాట్లాడారు. ఆమె నాలుగు గనులకు ఒక్కరే డాక్టరు. మూతకాలమంతా గొంతు తప్ప మనిషి కనపడరు.

“ఓబుళమ్మగారూ, మిగతా మెట్ల మీద గొంతునొప్పులు పాకుతున్నాయి. మీ దగ్గర ఒక్కటీ లేదే! ఏం చేస్తున్నారో మాకూ చెప్పండి” అన్నారు.

“క్రమశిక్షణ డాక్టరమ్మా” అన్నాను.

ఈ మాట రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. అప్పుడు మాత్రం గొంతు వణకలేదు. పైగా వేడినీళ్ల గురించి, చేతుల శుభ్రం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ రాసుకున్నారు. పెన్ను కాగితం మీద కదులుతున్న చప్పుడు నాకు వినిపించింది.

ఉలవచారు, సంగటి తిని కూర్చున్నాను. సగం వదిలేశాను. ఉలవచారు నాకు ఎప్పుడూ పడదు, కాబట్టి దాన్ని మనసు బాగాలేకపోవడం కింద లెక్క వేయనక్కర్లేదు.

మూత 47వ రోజు

దీనికన్నా పెద్ద తప్పు నేను జీవితంలో చేసి ఉండను. వరసలో రాస్తాను.

సంగటి పొయ్యి వెనక బండల మీద దస్తగిరమ్మ తొక్కుడుబిళ్ల ఆడుతోంది. ఒక్కతే. మామూలుగా అక్కడ పదిమంది ఉంటారు. గెంతినప్పుడల్లా గలగల శబ్దం. గాజులు కావు. దగ్గరికి పిలిచి గౌను ఎత్తి చూశాను. నడుము చుట్టూ నాలుగు మొలతాళ్లు ఒకదాని మీద ఒకటి, వాటికి పదకొండు పూసలు. చర్మం మీద తాళ్ల ఒరుపుకు ఎర్రటి గీతలు పడ్డాయి.

“ఏంది మే ఇయ్యి?”

“పూసలు నర్సమ్మా. ఇది నాది, ఇది సుంకిది, ఇది కుళ్లాయమ్మత్త బుడ్డోడిది...” వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. ఏ పూస ఎవరిదో తడుముకోకుండా చెబుతోంది. “నాది గెట్టి ఒళ్లంట నర్సమ్మా. అందుకే అందరియీ నేనే మోస్తాండా.”

“నొప్పి లేదా?”

“పండుకుంటే కుచ్చుకుంటాయి. పర్లేదులే. వాళ్లకు బాగయినాక ఎవురియి వాళ్లకు ఇచ్చేస్తా.”

దాని ముఖంలో ఎంత గర్వమో. బళ్లో మొదటి మార్కు వచ్చిన పిల్ల ముఖం అది. తొమ్మిదేళ్ల పిల్ల ఇంకో పదిమంది జ్వరాల్ని నడుముకు కట్టుకుని నాకేసి నవ్వుతోంది.

నేను ఏం చేసి ఉండాల్సిందో ఇక్కడ రాయనక్కర్లేదు, అందరికీ తెలుసు. నేను చేసింది రాస్తాను. గౌను కిందికి లాగి సరిచేశాను. “ఇంత గట్టిగా గెంతబాకు తల్లీ, చప్పుడవుతాది” అన్నాను. సంచీలోంచి బెల్లంముక్క తీసి చేతిలో పెట్టాను.

“నన్ను తిట్టరా నర్సమ్మా?” అని అడిగింది ఆశ్చర్యంగా.

“తిట్టన్లే, పో.”

ఇంకా పదమూడు రోజులు అని లెక్కపెట్టుకుంటూ గదికి వచ్చాను. పిల్లకు మందు ఇచ్చినంత తేలిగ్గా బెల్లం ఇచ్చి వచ్చాను.

మూత 48వ రోజు

నిద్ర చాలలేదు. పొద్దున్నే హుసేనమ్మ ఇంటికి వెళ్లాను. తప్పు వాళ్లదే అని తేల్చుకుంటే మనసు తేలికపడుతుందని వెళ్లాను, అది కూడా దాచను. హుసేనమ్మ డెబ్బై దాటిన మనిషి. కొర్రలు చెరుగుతూ ఉంది. పూసల సంగతి అడిగితే చాట ఆపకుండానే చెప్పింది.

“కొత్తగా నేను పుట్టించిందేమీ గాదు మ్మా. మా అమ్మ నాటి నుంచీ ఉండేదే. నీరసబిడ్డ మొలతాడు తీసి గెట్టిబిడ్డకు కడితే ఆ బలం ఈ బిడ్డకు దిగుతాది. మూడు దినాలుంచి మళ్లా తెచ్చుకుంటారు. కుళ్లాయమ్మ బుడ్డోడికి దగ్గు వస్తే నేనే అడిగి తెచ్చి మా దస్తగిరికి కట్నా. కట్నాక సూస్తే వాళ్ల దీపం ఎర్రగ గాలా, పచ్చగానే ఉండిపాయ. దేవుని దయ అనుకున్యా మొదట.”

“మొదట?”

“తర్వాత తెల్సిపోయింది గదా. అందరికీ తెల్సిపోయింది.”

నాకు ఒళ్లు మండింది. “మీకేమన్నా బుద్ధుండాదా? బిడ్డలకు జబ్బు చేస్తే దాస్తారా? నాకు చెప్పల్ల గదా!”

హుసేనమ్మ చాట కింద పెట్టింది. “నీకు చెప్పేది, వీధికంతా చెప్పేది ఒగటే గదా నర్సమ్మా. పోయిన మూతకాలంలో కుళ్లాయమ్మ పెద్దబిడ్డకు తట్టు లేస్తే ఏమయింది? తొమ్మిది దినాలు ఎర్రదీపం. నీళ్ల కాడ ఆ యమ్మ పక్కన ఒగరన్నా నిలబడ్న్యారా? సంగటి కాడికి రాబాకు అంటిరి. గిన్నె గడప బయట పెట్టి పోతిరి. బిడ్డకు తట్టు దిగిపాయ గానీ ఆ యమ్మ ముఖం ఈ పొద్దుటికీ లేవలా.”

గిన్నె గడప బయట పెట్టి రమ్మన్నది నేనే. అది అంటురోగం కదా, వేరేగా ఉంచాల్సిందే కదా అన్నాను. వేరేగా ఉంచడం వేరు, అందరిలో నిలబెట్టడం వేరు అని హుసేనమ్మ అనలేదు. అది నాకు నేనే చెప్పుకున్నాను, దారిలో.

ఎవరెవరికి జబ్బుగా ఉందో పేర్లు చెప్పమన్నాను. చెప్పనంది. నిజం చెప్పాలంటే, చెప్పనన్నందుకు నాకు ఊపిరి వచ్చింది. పేర్లు తెలిస్తే వెళ్లి చూసి తీరాలి. సుంకి పేరు నిన్ననే దస్తగిరమ్మ నోట విన్నాను. ఆ పేరు విననట్టే ఈ రోజు ముసలమ్మను అడిగాను. ఇంత నాటకం నాలో ఉందని నాకే తెలియదు.

పిల్లలకు గొంతునొప్పులు వస్తాయి, పోతాయి. పన్నెండు రోజులు ఎంతలో గడుస్తాయి అనుకున్నాను.

మూత 55వ రోజు

మధ్యాహ్నం బడి అయ్యవారు తిరుపాలు నా గదికి వచ్చారు. నెమ్మది మనిషి, నన్ను చూస్తే కాస్త భయపడతారు. ఈ రోజు కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఇరవై ఆరు మందికి పన్నెండు మందే వస్తాండారు నర్సమ్మా. దీపాలు చూస్తే అన్నీ పచ్చగుండాయి, చాపలు చూస్తే ఖాళీగుండాయి. నాకేం అర్థం గాలా. సుంకి మూడు దినాల కింద కుంటుకుంటా వచ్చింది. మోకాలు నొప్పి అనింది. మర్నాడు చూస్తే మోకాలు బాగుండాది, మడమ వాచింది. నిన్న మోచేయి. నొప్పి నడుస్తాంది నర్సమ్మా ఆ పాపకు. ఈ పొద్దు రానే లేదు.”

నొప్పి నడుస్తోంది. గొంతునొప్పికి మందు పడకపోతే, రెండు మూడు వారాలకు అది కీళ్లలోకి దిగుతుంది, ఒక కీలు నుంచి ఇంకో కీలుకు తిరుగుతుంది, తర్వాత గుండె పట్టుకుంటుంది. నేను చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇరుకు ఇళ్లలో, పదిమంది ఒకే చాప మీద పడుకునే చోట ఎక్కువ వస్తుందని పుస్తకంలో ఉంది. మా మెట్టును చూసి రాసినట్టే ఉంటుంది ఆ పేజీ.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

మద్దక్క గడప దగ్గర దీపం పచ్చగా, నేను తుడిచి పెట్టినంత శుభ్రంగా వెలుగుతోంది. ఆమె తెరకు అడ్డంగా నిలబడింది. “అందరూ బాగుండాం నర్సమ్మా” అంది. నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి. పక్కకు నెట్టి లోపలికి వెళ్లాను.

సుంకి చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. మోచేయి ఎర్రగా వాచింది. దాని మీద తడిగుడ్డ. నన్ను చూడగానే లేచి కూర్చోబోయింది, చేత కాలేదు. గొట్టం పెట్టి గుండె విన్నాను. లబ్ డబ్ మధ్యలో గాలి ఊదినట్టు ఒక చప్పుడు. పోయిన నెలలో బరువు చూసినప్పుడు ఆ చప్పుడు లేదు.

“గొంతునొప్పి ఎప్పుడు మొదలయింది మద్దక్కా?”

“ముప్పై నాలుగో దినం నాడు” అంది తల దించుకుని. మూతకాలంలో మేమందరం రోజుల్ని ఇలాగే లెక్కపెడతాం.

మందు ఎక్కడో లేదు. నా బీరువాలో రెండో అరలో ఉంది. డెబ్బై రెండు సీసాలు. తీసుకొచ్చి తుంటికి సూది వేశాను. పాప ఒళ్లు తెలియనంత జ్వరంలో ఉంది, మూలిగింది అంతే.

తీగ మీద డాక్టరమ్మను పిలిచాను. అన్నీ విన్నారు. కదలకుండా పడుకోబెట్టమన్నారు, వాపుకు మాత్రలు చెప్పారు. ఆ తర్వాత అన్నారు: “గుండెలో తలుపులాంటిది ఒకటి వాచింది ఓబుళమ్మగారూ. వాపు తగ్గినా అది ఇక సరిగ్గా మూసుకోకపోవచ్చు. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపల ఒక్క సూది పడి ఉంటే ఇంత వచ్చేది కాదు. మీకు ఎప్పుడు తెలిసింది?”

“ఈ రోజే” అన్నాను.

ముప్పై నాలుగుకు తొమ్మిది కలిపితే నలభై మూడు. నలభయ్యో రోజున నేను యంత్రదోషం అని రాశాను. నలభై రెండో రోజున తెర కింద పాదాలు చూశాను.

మూత 56వ రోజు

పొద్దున సుంకిని చూడటానికి వెళ్లాను. జ్వరం కొంచెం తగ్గింది. మద్దక్క గడప దగ్గరే నా రెండు చేతులూ పట్టుకుంది. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. కొట్టినా పడదామనుకున్నాను.

“మీ పేరు చెడగొట్నాం నర్సమ్మా. అరవై దినాలు మీరు అంత కష్టపడి నిలబెట్టుకుంటాంటే, నాలుగు దినాలుండంగా నా బిడ్డ చెడగొట్టింది. మన్నించండి” అంది.

ఈ మాటకు ఏదో గొణిగి వచ్చేశాను. తన బిడ్డ గుండె పాడైనందుకు ఆ తల్లి నాకు క్షమాపణ చెప్పింది. వీళ్లకు నేను నేర్పిన క్రమశిక్షణ ఇదన్నమాట.

మూత 57వ రోజు

తీగ మీద డాక్టరమ్మకు నిజం చెప్పాను. నలభయ్యో రోజు, నలభై రెండో రోజు, నలభై ఏడో రోజు బెల్లంముక్క. ఏదీ వదల్లేదు. తీగ తెగిందేమోనని రెండుసార్లు పలకరించాను.

“వింటున్నాను” అన్నారు. “మూత తీశాక విచారణ ఉంటుంది. మీరు ఈ ఉద్యోగంలో ఉండకపోవచ్చు. అంతవరకు కిందికి ఇంకో నర్సును పంపే దారి లేదు. మిగతా పిల్లల గొంతులు చూడండి. ఆ పాపకు ఇరవై ఒక్క రోజులకోసారి సూది పడాలి, ఒక్కటి కూడా తప్పకూడదు. ఇరవై ఏళ్లు దాటేదాకా వేయాలి. ఆ సూది చాలా నొప్పి అని మీకు తెలుసు. మెల్లగా వేయండి.”

అక్కడి నుంచి నేరుగా మద్దక్క ఇంటికి వెళ్లాను. ఆమెకు కూడా చెప్పాను. కూర్చుని చెప్పడానికి మొహం చెల్లలేదు, నిలబడే చెప్పాను. పాదాలు చూశానని చెప్పినప్పుడు ఆమె తెర వైపు చూసింది, కింద ఖాళీ వైపు.

“ఆ పొద్దే లోపలికొచ్చింటే నా బిడ్డకు బాగయ్యేదా?”

“అయ్యేది మద్దక్కా.”

ఆమె బిడ్డ పక్కన కూర్చుని విసనకర్ర అందుకుంది. నేను కాసేపు నిలబడి ఉన్నాను. నేను అక్కడ లేనట్టే విసురుతూ ఉంది. నిన్న పట్టుకున్న చేతులు ఇవేనా అనిపించింది.

మూత 59వ రోజు

దీపాలన్నీ ఊడదీశాను. సంగటి పొయ్యి నియమం కూడా కొట్టేశాను. అందరూ సంతోషిస్తారనుకున్నాను. చూడు నా అమాయకత్వం! నలుగురు ఆడవాళ్లు వచ్చి గొడవపెట్టుకున్నారు.

“పక్కింట్లో ఏ జబ్బుండాదో మాకు తెలియొద్దా? దీపం లేకుంటే ఎట్ల?” అంది ఒకామె. ఆమె కొడుకు పూస పోయిన వారం దస్తగిరమ్మ నడుముకే ఉంది.

నేను ఒక పాడుగుణాన్ని వీధి మధ్య నాటితే అది వేళ్లు పట్టేసింది. దీపాలు తీసినంత సులభం కాదు అది తీయడం. జబ్బు ఎవరిదో చెప్పకుండానే ఎలా జాగ్రత్త పడాలో వాళ్లకు వివరించాను. విన్నారు. నమ్మారో లేదో చెప్పలేను.

దస్తగిరమ్మ నడుముకు పసుపు, నూనె రాశాను. పూసలన్నీ తీసేస్తుంటే ఆ పిల్ల ఏడ్చింది. “నేను బాగా మోయలేదా నర్సమ్మా?” అంది. బాగా మోశావు తల్లీ, మోయాల్సింది నువ్వు కాదు అని చెప్పాను. దానికి ఎంత అర్థమైందో.

మూత 60వ రోజు

ప్రతి ఇంటికీ వెళ్లి, తెర వేసి, పిల్లల గొంతులు చూశాను. సుంకి కాక అరవై మంది. అన్ని ఇళ్లలోనూ తల దువ్వి, మొహం కడిగి కూర్చోబెట్టారు. అన్ని ఇళ్లలోనూ ఒకటే మాట: అందరూ బాగుండాం. ఒక తల్లి నా వెనక నిలబడి పిల్లవాడికి దగ్గొద్దని సైగ చేసింది. వాడు దగ్గు మింగి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

పద్నాలుగు మందికి గొంతు ఎర్రగా ఉంది. అందరికీ మందు పడింది. ఎనిమిది మందికి ఇది సమయానికే పడింది. మిగతా ఆరుగురి గుండెలు రోజూ వింటున్నాను. కుళ్లాయమ్మ కొడుకుది మామూలు దగ్గే, తగ్గిపోయింది.

అరవయ్యో రోజు ఇలా ముగిసింది.

మూత 68వ రోజు

ఆరుగురి గుండెలూ శుభ్రంగా ఉన్నాయి. సుంకికి కీళ్ల వాపు పోయింది. గుండెలో ఆ గాలి చప్పుడు పోలేదు. రోజుకు రెండుసార్లు వింటున్నాను. ఎందుకు రెండుసార్లో నాకు తెలియదు, ఒక్కసారి విన్నా తెలుస్తుంది. మద్దక్క నేను వస్తే లేచి మంచినీళ్లు పెడుతుంది, మాట్లాడదు. తాగి వస్తున్నాను.

మూత 76వ రోజు

ఇరవై ఒక్క రోజులైంది. ఈ రోజు సుంకికి రెండో సూది.

ఆ మందు తెల్లగా, చిక్కగా ఉంటుంది. లావు సూది కావాలి. తుంటి కండలోకి మెల్లగా ఎక్కించాలి. ఎక్కుతున్నంతసేపూ నొప్పే. గాలిమరలు తిప్పే మగవాళ్లు కూడా ఆ సూదికి అరుస్తారు. సీసాను అరచేతుల మధ్య పెట్టి వెచ్చగా అయ్యేదాకా దొర్లించాను. ఐసుముక్క లేదు కాబట్టి తడిబట్ట పెట్టి చర్మం చల్లబరిచాను. నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను.

సుంకి తల్లి ఒడిలో బోర్లా పడుకుంది. ఈసారి జ్వరం లేదు, ఒళ్లు బాగా తెలుస్తోంది. సూది దిగింది. పాప ఒళ్లంతా బిగుసుకుపోయింది. కాలివేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని పళ్లతో కరిచి పట్టుకుంది. ఒక్క శబ్దం లేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం కారుతున్నాయి, వాటిని కూడా మోచేత్తో తుడుచుకుంటోంది, నాకు కనపడకుండా.

ఏడేళ్ల పిల్ల అలా ఉండకూడదు. ఇన్నేళ్లలో నేను సూది వేసిన ప్రతి పిల్లా గని అదిరేలా ఏడ్చింది, నన్ను తిట్టింది, తన్నింది. తన్నులు తిన్నంత కాలం నాకు అవి విలువైనవని తెలియలేదు.

“ఏడువు సుంకీ. నొప్పిగా ఉంటే గట్టిగా ఏడువు తల్లీ. ఏమీ గాదు.”

తల అడ్డంగా ఊపింది.

“ఎందుకు మే?”

కొంగు నోట్లోంచి తీసి, గొంతు తగ్గించి, ఎంతో గుట్టు చెబుతున్నట్టు చెప్పింది. “ఏడిస్తే జబ్బుండాదని అందరికీ తెల్సిపోతాది. మా యమ్మను సంగటి కాడికి రానీరు.”

మద్దక్క ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

“రానిస్తారు తల్లీ. ఆ నియమం తీసేసినా. దీపాలూ తీసేసినా, చూళ్లేదా? నేను చెప్తాండా గదా, ఎవురూ ఏమనరు” అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

సుంకి మెడ తిప్పి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. పెద్దవాళ్లు అబద్ధం చెబుతున్నప్పుడు పిల్లలు చూసే చూపు అది. మళ్లీ కొంగు నోట్లో కుక్కుకుంది.

సిరంజిలో ఇంకా సగం మందు ఉంది. మెల్లగా ఎక్కించాను. సూది తీసి దూది ఒత్తిపెట్టాను. సుంకి ఏడవలేదు.